ఎద్దు అలిస్తే బావి ఊరేది

మా బూదికోటకు వచ్చినవాళ్లంతా హైదర్ అలీ పుట్టిన చోటు ఎక్కడని అడుగుతారు. నన్నడిగితే ముందు మా కపిల బావి చూపిస్తాను. ఇప్పుడందులో నీళ్లు లేవు, ముళ్లకంప ఉంది.

మా రోజుల్లో ఆ బావి మీద కపిల తోలేవాళ్లం. ఎద్దులు తాడు లాగుతూ ఏటవాలు దారిలో దిగితే తోలుబాన నిండుగా పైకొచ్చి కాలవలో కుమ్మరించేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎద్దుల నోట నురుగ కనపడేది. అది చూసి మా నాయన "చాల్లేరా, విప్పు" అనేవాడు. ఎద్దులు కానుగ నీడన నెమరేసేవి, మేం సంగటి తినేవాళ్లం, బావిలో నీళ్లు మళ్లీ ఊరేవి. ఎద్దు అలిసిందంటే మనిషికీ బావికీ కూడా సెలవే.

ఇప్పుడు నా కొడుకు ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. నేను మిషన్‌ను తిట్టను. త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో ఒక చేత టార్చి, ఒక చేత కర్ర పట్టుకుని గట్ల మీద నడిచినవాణ్ని నేను. పచ్చ బటన్ నొక్కి, పైపులో నీళ్లు ఎగదన్నే చప్పుడు వినేదాకా అక్కడే నిలబడేవాణ్ని. ఒక రాత్రి స్టార్టరు పెట్టె కింద కట్లపాము చుట్టుకుని పడుకుని ఉంది. ఆ నడక నా కొడుక్కి తప్పినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.

పాల సంగతీ అంతే. మన కోలారు జిల్లాలో పాడి నిలబడటానికి ఎం.వి. కృష్ణప్పగారి పూనికే కారణమని పెద్దలు చెప్పుకునేవారు. సీమావులు వచ్చాయి, డైరీలు వచ్చాయి. అయినా కొలిచేవాడి చెయ్యి ఏమాత్రం వాలినా మా పాలు తగ్గేవి, అడిగితే మొహం చిట్లించేవాడు. ఇప్పుడు పాలు పోయగానే వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల (ఎస్‌ఎన్‌ఎఫ్) అంకెలతో చీటీ చేతికొస్తుంది, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒకరి మొహం చూసి బతకాల్సిన పని లేదు. చిన్న పాడి పెట్టుకున్నవాడికి ఇంతకంటే స్వేచ్ఛ ఏముంది?

నా బాధ వేరే ఉంది. మిషన్ మిగిల్చిన పొద్దంతా ఎక్కడికి పోయింది?

మా ఆవిడ రెండావుల్ని చేత్తో పిండేది. ఇప్పుడు పొదుగుకు నాలుగు గొట్టాలు తగిలిస్తే మిషన్ టకటకా పిండేస్తుంది. పని సగమైందని సంతోషించాం. ఏడాది తిరక్కుండా రెండావులు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. వాటికి మేత కావాలి, మేతకు నీళ్లు కావాలి, నీళ్లకు ఇంకో బోరు, బోరుకు అప్పు. నా కోడలు ఇవాళ్టికీ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తోంది. మా మొదటి బోరు రెండు వందల అడుగుల్లో నీళ్లిచ్చింది. ఇప్పుడు జిల్లాలో వెయ్యి అడుగులు దాటి దించినా దుమ్ము లేచే చోట్లున్నాయి. చివరికి 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు వాడుకుని వదిలేసిన నీళ్లను శుద్ధి చేసి మన జిల్లా చెరువులు నింపాల్సి వచ్చింది. మోటారుకు అలుపు లేదు. అందుకే బావికి ఊరే తీరిక లేదు, మనిషికి కూర్చునే తీరికా లేదు.

మా మేనమామ కేజీఎఫ్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ గనిలో చేసేవాడు. మిషన్లంటే అక్కడివే మిషన్లు! శివనసముద్రం నుంచి 1902లోనే గనులకు కరెంటొచ్చింది. బెంగళూరుకు అది అందింది 1905లో. 3 కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ గనిలో చావుకు పక్కనే పని. అయినా సైరన్ మోగితే షిఫ్టు అయిపోయినట్టే. మామ పైకొచ్చి, టోపీ దీపం అప్పజెప్పి ఇంటికొచ్చాక ఆయన్ని కదిపేవాడు లేడు. 2001లో గనులు మూతపడ్డాయి, ఆ సైరనూ ఆగింది. కూలికి పోయేవాడికి పొద్దు గూకిందని చెప్పడానికి ఒకడుంటాడు. సొంత వ్యాపారం చేసుకునేవాడికి సైరన్ ఎవడు కొడతాడు? వాడే కొట్టుకోవాలి.

మొన్న మా మనవరాలికి చెవులు కుట్టించాం. పాప మేనమామ తొడ మీద కూర్చుని ఏడుస్తుంటే, నా కొడుకు ఫోన్లోకి చూస్తున్నాడు. "మోటారు ట్రిప్పయింది నాయనా" అని ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మా రోజుల్లో పెళ్లికో పేరంటానికో పోతే పక్కింటాయన మా ఆవుల్ని పిండేవాడు, ఆయన ఊరెళితే నేను పిండేవాణ్ని. ఇప్పుడు ఆ ఫోన్ ఎలా నొక్కాలో కోడలికే తెలియదు.

అందుకే వాడికి మూడు మాటలు చెప్పాను. ఎనిమిది ఆవుల్ని ఐదుకు దించు. మోటారుకు టైమర్ పెట్టి గంటలు కట్టెయ్, ఆ పని ఇంకొకరికి కూడా నేర్పు. సాయంత్రం పాలు పోసొచ్చాక ఫోన్ గూట్లో పెట్టు. మిషన్ మిగిల్చిన గంట నీ బిడ్డది, దాన్ని ఇంకో ఆవుకు ధారపొయ్యకు.

వాడింకా ఆలోచిస్తున్నాడు. రాత్రి అన్నం ముందు కూర్చున్నా కళ్లు మూతలు పడుతున్నాయి. ఆనాడు ఎద్దుల నోట నురుగ చూసి మా నాయన అన్న మాటే నేను నా కొడుకు మొహం చూసి అంటున్నాను: చాల్లేరా, విప్పు.