అమహత్తు ఆత్మకథ

తెలుగులో జరిగిపోయిన పనిని చెప్పే క్రియకు మూడు భాగాలు: ధాతువు, కాలాన్ని తెలిపే ‘ఇన’, పని చేసిందెవరో తెలిపే తోక. చెప్పు, ఇన, ఆను కలిస్తే చెప్పినాను. మైపాడు తీరాన జాలర్లుండే ఒక పట్టపుపాళెం బడిలో, గోడకు వేలాడే ఈ నల్లబల్ల మీద ఏటేటా పడి చెరిగిన మొదటి వరుస ఇదే. బల్ల తన కథను ‘నేను’ అని మొదలుపెట్టలేదు. వ్యాకరణంలో అది వస్తువులు చేరే అమహత్తు వర్గం, ప్రథమపురుష. దానికి దక్కేది ‘ఇంది’ ఒక్కటే. బండి మీద బడికి వచ్చింది, ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి కిందికి జారింది, మసి రంగు పూయించుకుని మళ్ళీ గోడకెక్కింది.

ఆ ‘ఇంది’ కాస్త వింతది. చెప్పినాను నోట నలిగి చెప్పాను అయింది. చెప్పినావు, చెప్పినాడు, చెప్పినాము, చెప్పినారు, చెప్పినాయి కూడా అదే తీరున చెప్పావు, చెప్పాడు, చెప్పాము, చెప్పారు, చెప్పాయి అయ్యాయి. చెప్పినది మాత్రం తన నకారాన్ని సున్నాగా దాచుకుని చెప్పింది అయింది. ఏకవచనంలో ఆడవాళ్ళకూ ఇదే రూపం: ఆమె పడింది, బల్ల పడింది. బహువచనంలో దారులు చీలుతాయి: ఆడవాళ్ళు వచ్చారు, బల్లలు వచ్చాయి. ఒంటరిగా ఉంటే వస్తువుల వరుస, నలుగురైతే మనుషుల వరుస! ఈ ఏర్పాటు న్యాయమైనదని అమహత్తు సైతం ఒప్పుకోదు.

ఈ బడి ఉన్న నెల్లూరు సీమ నోట ‘ఇన’ ఇంకా పూర్తిగా నలగలేదు. ‘యాడికి పోయినావు?’ అంటే ‘సంద్రానికి పోయినా’ అని జవాబొస్తుంది. దాని పక్కనే మరో పాత వరుస బతికి ఉంది: చెప్తిని, పోతిని, వస్తిని. ఇవి చెప్పితిని, వచ్చితిని లాంటి రూపాల కుదింపులు. ఉత్తమ, మధ్యమ పురుషల్లో ‘ఇతి’ వస్తుంది. ప్రథమలో చెప్పెను, చెప్పిరి. 13వ శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులో ఉండి, మహాభారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన వాడిన భూతకాలం ఇదే. అయినా పిలకాయలు ‘పోతిని’ అని రాసినప్పుడల్లా బల్ల మీద సుద్దతో అడ్డగీత పడింది. కావ్యంలో ఒప్పయినది పాళెంలో తప్పెట్లా అవుతుంది?

ధాతువుల సంగతి తేలిక. మూడక్షరాల ధాతువులో నడిమి ఉకారం ఇకారమవుతుంది: అడుగు, అడిగాను, చదువు, చదివాను, కలుపు, కలిపాను. ఇది ‘ఇన’లోని ఇకారం చేసిన పని, అది కరిగిపోయాక కూడా దాని గుర్తు మిగిలింది. తిన్నాను, కొన్నాను, చేశాను, చూశాను వంటివి విడిగా నేర్చుకోవాల్సినవి.

ఓడల్లో పనిచేసి వచ్చిన ఊరి మనిషి ఒకాయన ఈ బల్ల మీదే స్పానిష్ వరుస కూడా రాశాడు. మాట్లాడటాన్ని ఆ భాషలో ఆబ్లార్ అంటారు. చివరి ‘ఆర్’ తీసేసి తోకలు తగిలిస్తే భూతకాలం: ఆబ్లే, ఆబ్లాస్తే, ఆబ్లో, ఆబ్లామోస్, ఆబ్లాస్తెయిస్, ఆబ్లారోన్. అయిదోది స్పెయిన్‌లో తప్ప లాటిన్ అమెరికాలో వాడరు. ‘ఏర్’, ‘ఈర్’లతో ముగిసే క్రియలకు తోకలు ఒకటే, తినడాన్ని తెలిపే కోమేర్‌కు కోమీ, కోమిస్తే, కోమియో, కోమిమోస్, కోమిస్తెయిస్, కోమియెరోన్. ఊనిక చాలా ముఖ్యం: ఆబ్లో అనే మాటను చివర ఊనితే అతడు మాట్లాడాడని, మొదట ఊనితే నేను మాట్లాడతానని. తోకే మనిషిని చెబుతుంది కనుక రెండు భాషల్లోనూ కర్తను వదిలేయవచ్చు. అలవాటుగా జరిగినదానికి తెలుగులో మాట్లాడేవాడు ఉన్నట్టు స్పానిష్‌లో ఆబ్లాబా ఉంది. స్పానిష్ క్రియకు లింగభేదం లేదు. అతడికీ ఆమెకూ బల్లకూ ఆబ్లో ఒకటే.

లేదనాల్సి వస్తే స్పానిష్ ముందు ‘నో’ చేర్చి ఆరు రూపాలనూ అలాగే ఉంచుతుంది. తెలుగు తోకలన్నీ వదిలేస్తుంది: నేను చెప్పలేదు, నువ్వు చెప్పలేదు, వాళ్ళు చెప్పలేదు, బల్ల చెప్పలేదు.