తీసి చూడన్న: ఒక లారీ పద్యానికి టీక, తాత్పర్యం

తే. బండి మిస్సింగు గొట్టెను పల్లె దాట;
న్యూట్రలునఁ బెట్ట నూపిరి నోట రాక
యాగు; మఱి సెల్ఫు గొట్టిన నదరు, దగ్గు;
తీసి చూడన్న యొకసారి దిక్కు నీవె.

అవతారిక: పొద్దున ఆరింటికి మా వేపచెట్టు కింద లారీ ఆపి (అదే ఆగింది అనడం న్యాయం) మా తమ్ముడు మొరపెట్టుకున్న మాటలివి. వాడన్నది వచనమే. అన్న భాషాప్రవీణ చదివి, ఉద్యోగం దొరక్క బెజవాడ ఆటోనగర్‌లో పానాలు పట్టినవాడు కావడంతో అది చెవిన పడేసరికి తేటగీతి అయింది. బండి పాతది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, ఆరు పైపుల పంపు. సెన్సార్లూ స్కానర్లూ దాని జాతకంలో లేవు. కాబట్టి ఇక్కడ చెవి, ముక్కు, కన్ను, పానా అని నాలుగే ప్రమాణాలు.

ప్రతిపదార్థం: బండి = లారీ (ఎడ్లబండి మొదలు స్కూటరు దాకా అన్నీ బండ్లే అయినా, డ్రైవరు నోట రూఢిచేత లారీయే); మిస్సింగు గొట్టెను = లయ తప్పి కొట్టుకుంది; పల్లె దాటన్ = ఊరు దాటగానే; న్యూట్రలునన్ + పెట్టన్ = గేరు తీసి నిలబెట్టగా; ఊపిరి నోట రాక = ఊపిరాడక; ఆగు = ఆగిపోవును; మఱి = మళ్లీ; సెల్ఫు గొట్టినన్ = తాళం తిప్పగా; అదరు, దగ్గు = వణకును, పొగ కక్కును; అన్న = ఓ అన్నా; ఒకసారి తీసి చూడు = విప్పి చూడుము (దేన్ని విప్పాలన్నదే ఈ వ్యాఖ్యకు ప్రాణం); దిక్కు నీవె = డబ్బులు అడగవద్దు అని భావం.

‘మిస్సింగు’: ఇది ఛందోదోషం. ఆరు సిలిండర్లంటే ఆరు గణాల పాదం. అవి పేల్చే వరస 1-5-3-6-2-4. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు ఒక్కో గణం ఒక్కసారి పలకాలి. న్యూట్రల్‌లో నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనులో ఆ లెక్కన సెకనుకు 30 పేలుళ్లు. ఒక్క సిలిండరు మూగదైతే 25 మిగులుతాయి. మామూలు చెవి వాటిని లెక్కపెట్టలేదు గాని, కుంటితనాన్ని మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

అయితే గణభంగం రెండు విధాలు. ఎప్పుడూ ఒకే సిలిండరు తప్పుతుంటే నిత్యం; నాజిల్‌నో, వాల్వునో, కంప్రెషన్‌నో అనుమానించాలి. ఒకసారి ఇది, ఒకసారి అది తప్పుతుంటే వైకల్పికం. అప్పుడు దోషం ఆరింటికీ ఉమ్మడిగా అందే డీజిల్‌ది. ఏదో తేల్చడానికి ఇంజను నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒకదాని తర్వాత ఒకటి కాస్త వదులు చేసి, బిగించుకుంటూ పోవాలి. వదులు చేసినప్పుడు శబ్దం ఇంకా కుంటితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. మారకపోతే దొంగ అదే. నట్టు మీద గుడ్డ వేయాలి, చెయ్యీ మొహమూ దూరంగా ఉండాలి. ఆ పైపులో డీజిల్ 200 బార్లకు పైబడిన ఒత్తిడితో ఉంటుంది. సన్నని ధార చర్మంలోంచి దూరి లోపలికి పోతుంది, అది ఆసుపత్రి వ్యవహారం. ఈ వాక్యంలో హాస్యం లేదు.

మా బండిలో ఆరు నట్లకూ ఆరుసార్లూ శబ్దం మారింది. కనుక వైకల్పికం.

‘పల్లె దాట’: ఇది పాదపూరణకు వేసిన మాటని కొందరు. కాదు. ఇంట్లో స్టార్టయిన బండి ఊరు దాటేవరకు ఎందుకు బాగుంది? ఫిల్టర్‌లో నిలవ ఉన్న డీజిల్ తాగుతూ పోయింది గనక. అది అయ్యాక కొత్తగా వచ్చినదాంట్లో ఏదో కలిసింది.

‘ఊపిరి’: కలిసింది అదే. ఇక్కడ విరోధాభాసం. ఇంజనుకు గాలి ప్రాణం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే నల్లపొగ కక్కి ఏడుస్తుంది. అదే గాలి డీజిల్ పైపులోకి దూరితే ప్రాణాంతకం. డీజిల్‌ను నొక్కితే నలగదు, నాజిల్ తెరుచుకుంటుంది. గాలిని నొక్కితే నలిగి ఊరుకుంటుంది, నాజిల్ నోరు తెరవదు. గేరులో పోతున్నంతసేపు బండి ఊపే ఇంజన్‌ను ఈడ్చుకుపోతుంది. న్యూట్రల్‌లో ఆ ఆసరా లేదు, నాలుగు బుడగలకే చచ్చిపోతుంది. షెడ్డు భాషలో దీన్ని ‘ఎయిర్ పట్టింది’ అంటారు.

‘దగ్గు’: తిరిగి స్టార్టయ్యేటప్పుడు సగం కాలిన డీజిల్ తెల్లపొగ. ముక్కుకు డీజిలు కంపే కొట్టింది, కూలెంటు తీపి వాసన లేదు. అంతే.

‘తీసి’: దేన్ని? పూర్వపక్షాలు వినండి. క్లీనరు: ‘పంపు తీసి కాలిబ్రేషన్‌కి పంపుదాం.’ ఎదురింటి స్కూటరాయన: ‘ప్లగ్గు తీసి తుడవండి.’ ఇది ప్రక్షిప్తం. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు, నొక్కిన గాలి వేడికే నూనె అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొందిన సంగతి అదే. మా అమ్మ: ‘దిష్టి తీయండ్రా.’ మూడింటిలో ఖర్చు తక్కువది గనక మూడోదాన్ని ఖండించలేదు.

సిద్ధాంతం: మీమాంసలో పాఠక్రమం కన్న అర్థక్రమం బలీయం. హోమం ముందు చెప్పి, జావ వండడం తర్వాత చెప్పినా, వండాకే హోమం చేయాలి గదా. అలాగే మూలంలో ‘తీసి చూడు’ అని ఉన్నా, ‘చూసి తీయి’ అని అన్వయించుకోవాలి. పంపు జోలికి పోకుండా ముందు ట్యాంకు మూత వదులు చేశాం. మూత గాలిరంధ్రం పూడితే ట్యాంకు శూన్యం పట్టి డీజిల్ వదలదు, మూత తీయగానే ‘స్స్’ మంటుంది. మాది మౌనంగా ఉంది. తర్వాత ట్యాంకు పైపు ఊడదీసి, డీజిల్ పోసిన డబ్బాను నేల మీద పెట్టి, వేరే పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపాం. చేతిపంపు కొట్టి ఎయిర్ తీశాక ఇంజను ఐదు నిమిషాలు నడిచింది, ఆపై దగ్గింది. అంటే ట్యాంకూ దాని పైపూ నిర్దోషులు. మిగిలింది ఫీడ్ పంపు నోరు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్నది పీల్చే వైపు. అక్కడ సందు ఉంటే ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి ఉండదు, మరక ఉండదు. కంటికి కనబడని దోషానికి పంపు బలైపోయేది ఇక్కడే.

మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికిస్తానని తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఫీడ్ పంపు నోటి దగ్గరి బోల్టు విప్పితే కింద రాగి వాషరు. దాని మీద పాత ముద్ర, దాని పక్కన కొత్త ముద్ర. పోయిన ఆదివారం ఫీడ్ పంపు జాలీ కడిగిన దుర్వ్యాఖ్యాత ఎవరో, కొత్త వాషరుకు బద్ధకించి పాతదే బిగించాడు. ఆ వ్యాఖ్యాత ఎవరో ఈ వ్యాఖ్యాతకు తెలుసు. గ్రంథవిస్తర భీతిచేత చెప్పడం లేదు.

ఇవాళా ఆదివారమే కనక కొట్లు లేవు. నలిగి గట్టిపడ్డ రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పట్టకారుతో వాషరు పట్టుకుని వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద పెట్టాను. అప్పటికే ఆ పొయ్యి మీద పాలున్నాయి.

‘ఏంటండీ అది?’
‘రాగి.’
‘రాగి జావా?’

ఇది పాఠాంతరం. రెండు పాఠాలూ గ్రాహ్యమే గాని, పాలు పొంగే దాకా ఆగమన్నారు.