బద్వేలు పీజా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

శాస్త్రం మొదలుపెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలని పెద్దల నియమం. ఇక్కడ విషయం పిజ్జా. ప్రయోజనం కడుపు నిండటం. అడిగినవాడికీ చెప్పినవాడికీ మధ్య సంబంధం ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అధికారి ఎవరంటే, ఆకలితో బస్సు దిగి, ఆ బస్సు మళ్లీ కదిలేలోగా తిని ఎక్కాల్సినవాడు. తీరిక ఉన్నవాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. వాడు నాలుగు వీధులు తిరిగి తనే తెలుసుకుంటాడు.

బద్వేలులో అధికారులకు కొరత లేదు. నెల్లూరు నుంచి మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు పోయేవాళ్లు, బ్రహ్మంగారి మఠానికి మొక్కు తీర్చుకోబోయేవాళ్లు, సిద్ధవటం మీదుగా కడపకు దిగేవాళ్లు అందరూ ఇక్కడ ఒకసారి కాళ్లు సాగదీసుకుంటారు. పెద్దవాళ్లు సంగటి ఎక్కడ బాగుంటుందని ఆరా తీస్తుంటే, వెనక సీట్లో పిల్లలు పిజ్జా అని పంతం పడతారు. ఆ ఘట్టంలో పుట్టిన ఆటవెలది ఇది. కర్త పేరు ఎక్కడా లేదు. వ్యాఖ్యాత మీద అనుమానం ఉన్నవాళ్లు దాన్ని తమలోనే ఉంచుకోగలరు. (కాలజ్ఞానంలో పిజ్జా ప్రస్తావన ఉందని మా వైపు ఇంతవరకూ ఎవరూ అనకపోవడం మాత్రం నాకు వింతగానే ఉంది.)

ఇంత చిన్న సంగతికి టీక దేనికంటారా? బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి బంగళాలో కూర్చోబెట్టుకుని ప్రతులు దిద్దించి టీకలు రాయించిన జిల్లా మాది. పద్యం కనబడితే టీక రాయకుండా వదిలే అలవాటు లేదు. జీతాలిచ్చే దొరలే కరువయ్యారు.

మూలం

బాటసారి యడిగె బద్వేలు నడిబొడ్డ
పీజ దొరుకు చోటు పేరు చెప్పు
తిన్నవాడు వేలు తిప్పెను తూర్పుకు
తిననివాడు చెప్పె దిక్కులన్ని

ప్రతిపదార్థం

బాటసారి = దారిన పోయేవాడు, (ఇక్కడ) ఏసీ చల్లదనం పోతుందని కారు అద్దం నాలుగు వేళ్ల మందమే దించినవాడు; బద్వేలు నడిబొడ్డ = నాలుగు రోడ్లు కలిసే చోట; అడిగె = దిగకుండానే అడిగెను; పీజ = పిజ్జా, కవి ఒక జకారాన్ని మింగేశాడు; దొరుకు చోటు పేరు చెప్పు = తేటతెల్లం; తిన్నవాడు = ఆ కొట్టులో, ఆ పదార్థాన్నే, సొంత డబ్బుతో తిన్నవాడు; వేలు = ఒక్క వేలు, ఏకవచనం గమనించాలి; తూర్పుకు = నెల్లూరు రోడ్డు వైపు; తిప్పెను = చూపెను; తిననివాడు = అక్కడ నిలబడ్డ తక్కిన అందరూ; దిక్కులన్ని = మైదుకూరు రోడ్డు, పోరుమామిళ్ల రోడ్డు, సిద్ధవటం రోడ్డు, మళ్లీ నెల్లూరు రోడ్డు; చెప్పె = చెప్పెను. కారు కదిలిపోయాక కూడా చెబుతూనే ఉండెనని సంప్రదాయం.

తాత్పర్యం

తిన్నవాడికి ఒక్క చోటు తెలుసు. తిననివాడికి అన్నీ తెలుసు.

విశేషాలు

మూలంలో ‘మంచి’ అన్న మాట లేదు. బాటసారి పిజ్జా దొరికే చోటు అడిగాడే తప్ప మంచి పిజ్జా దొరికే చోటు అడగలేదు. అధ్యాహారం చేసుకోవాలని కొందరంటారు. ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. ‘మంచి’ వేసుకోవాల్సింది చెప్పేవాడు, అదీ అడిగినవాడి ముఖం చూసి. కారులో చంటిపిల్ల ఉందా, ముసలామె ఉందా, డ్రైవరు వాచీ చూసుకుంటున్నాడా అన్నదాన్ని బట్టి ‘మంచి’ మారిపోతుంది. ఊరు తెలిసిన పెద్దమనిషి ఎవరైనా జవాబు చెప్పడానికి ముందు మూడు ప్రశ్నలు వేస్తాడు: “యా ఊరు సామీ మీది? యాడికి పోతాండారు? నీసు తింటారా, తినరా?” పరాయి ఊరివాళ్లకు ఇది కూపీ లాగినట్టు ఉంటుంది. నిజానికి శాస్త్రమంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

లోకంలో పిజ్జా కొట్లన్నిటికీ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. చికాగోలో 1943లో పిజ్జేరియా ఊనో మొదలైంది. అక్కడి లోతు మూకుడు పిజ్జా గొప్పదే, కానీ కాలడానికే అరగంట దాటుతుంది. బస్సు హారను కొడుతున్నవాడికి దాని పేరు చెప్పడం పాపం. బ్వేనోస్ ఐరిస్‌లో కొర్రియెంతెస్ వీధిలో 1932 నాటి గెర్రీన్ ఉంది. కౌంటరు దగ్గర నిలబడి, ముక్క చేతిలోకి తీసుకుని, తిని పోవచ్చు. అది బాటసారి కోసమే కట్టిన కొట్టనిపిస్తుంది. నేపుల్స్ పిజ్జా పొయ్యిలో ఉండేది ఒకటి, ఒకటిన్నర నిమిషం. అయితే పేరున్న కొట్టు ముందు వరసలో నిలబడే సేపు దాంట్లో కలపలేదు. శాకాహారి అయితే ఇంకో మాట చెప్పాలి: అసలైన పర్మెజాన్ చీజు దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ లేకుండా కాదు. ప్రొద్దుటూరు నుంచి ఇటలీ యాత్రకు పోయే నిష్ఠాపరులకు ఈ సంగతి టిక్కెట్టుతో పాటే చెప్పి పంపడం మర్యాద. వాళ్లకు మారినారా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె అంతే, చీజు ఊసే ఉండదు.

ఇక ‘తిన్నవాడు’. మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టాడు కొలచాల మల్లినాథ సూరి. మెదకు సీమ మనిషి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసినవాడు. ఆ రెండు నియమాలే సిఫారసుకు కూడా. తినంది చెప్పకు, అడగంది చెప్పకు. మల్లినాథుడికే కష్టమైన వ్రతం ఇది. నాలుగు రోడ్ల కూడలిలో అరుగు మీద కూర్చున్నవాడికి ఎంత కష్టమో ఆలోచించండి.

ఆ వ్రతం పట్టినట్టున్న కొట్టు నేపుల్స్‌లో ఒకటి ఉంది, 1870 నాటి ద మికేలే. దానికి పేరు తెచ్చినవి మార్గరీటా, మారినారా అని రెండే రకాలు. అదే ఊళ్లో బ్రాందీ అనే ఇంకో కొట్టువాళ్లు, 1889లో మార్గరీటా రాణికి మా రఫాయేలె ఎస్పోసిటో పిజ్జా చేసి పెట్టాడంటూ రాజపరివారం ఇచ్చిన మెప్పు ఉత్తరం చూపిస్తారు. ఆ ఉత్తరం అసలుదేనా అని చరిత్రకారులు శంకించారు. నా మటుకు నాకు ఆ గొడవ అక్కర్లేదు. రాణి తినిందే అనుకున్నా, తిని నూటముప్ఫై ఏళ్లు దాటింది. అంత పాత నోటి మాటను నమ్మి వరసలో నిలబడటం ఎట్లా?

శంక: మోసినవాడు తిన్నవాడా, తిననివాడా?

ఇది మా ప్రాంతానికి ప్రత్యేకమైన శంక. కడప జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు ఇంటికొకరన్నట్టు ఉంటారు. వాళ్లలో హౌస్ డ్రైవర్లుగా చేసినవాళ్లను కదిలిస్తే తెలుస్తుంది. కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పిల్లలకు రాత్రి పది దాటాక ఆకలి వేస్తే, సాల్మియా పోయి పిజ్జా డబ్బాలు తెచ్చేది మనవాడే. ఏళ్ల తరబడి వందల డబ్బాలు పక్క సీట్లో పెట్టుకుని నడిపి ఉంటాడు. తిన్నది ఎప్పుడో మిగిలినప్పుడు, చల్లారినాక. శాస్త్రంలో గంధం మోసే గాడిద అని మోటు సామెత ఒకటుంది. ఇక్కడ అది చెల్లదు. గాడిదకు గంధం తెలియదు. మా డ్రైవరుకు అన్నీ తెలుసు. “డబ్బా అడుగున అరిచెయ్యి పెట్టి సూడు నా. నూనె తగిలిందా, ఆ కొట్టు ఇడ్సిపెట్టు. మెత్తబడిందా, ఆవిరి పోనీకుండా మూసినారని లెక్క.” రుచి చూడకుండా దోషం పట్టడం ఇది. కాబట్టి మోసినవాణ్ణి తిన్నవాడిలో సగంగా లెక్కించాలని నా నిర్ణయం. వాడు మంచి కొట్టు చెప్పలేకపోవచ్చు గానీ, పోకూడని కొట్టు చెప్పగలడు. బాటసారికి ముందు కావలసింది అదే.

దోషాల మాట వచ్చింది కాబట్టి పోరుమామిళ్ల పోవాలి. బద్వేలు నుంచి బస్సెక్కితే గంటలోపు దారి. అక్కడ భైరవుడి గుడి దగ్గర రెండు రాతి పలకల మీద సంస్కృత శాసనం ఉంది. శక 1291, అంటే 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు అనంతరాజసాగరం అనే చెరువు తవ్వించి వేయించిన శాసనం. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. అందులో మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు లెక్కపెట్టి చెప్పారు. చెరువుల వాళ్లు ఇంత కచ్చితంగా రాసి పెట్టారు గానీ, తిండి కొట్ల గురించి అంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు. ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాను.

సాధనాల్లో మొదటిది కీర్తి కోరే ధర్మాత్ముడైన రాజు. కొట్టుకు అన్వయిస్తే, గల్లాపెట్టె దగ్గర తనే కూర్చునే యజమాని. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. పిజ్జాలో కూడా మొదటి శాస్త్రం నీళ్లదే; పిండిలో నీళ్లు ఎంతో, ఎన్ని గంటలు నాననివ్వాలో తెలిసినవాడు లేకపోతే పైన ఏం చల్లినా దండగ. మూడోది గట్టి బంకమట్టి నేల. ఇది యథాతథంగా కుదిరింది: నేపుల్స్ పొయ్యిల అడుగున పరిచేది సొరెంతో మట్టితో కాల్చిన పలకలు. నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడిలో పిండి అడుగు మాడకుండా కాపాడేది ఆ మట్టే. పన్నెండోది పనితనం తెలిసిన మనుషుల బృందం. నేపుల్స్ పిజ్జా పనివాళ్ల విద్యను యునెస్కో 2017లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మా చెరువు కట్టిన ఒడ్డెవాళ్లకు అట్లాంటి జాబితా లేకపోయింది. మధ్య ఎనిమిదీ కొండలు, రాళ్లు, పంట పొలాలకు చెందినవి, వాటిని లాగి పిజ్జాకు అతికించడం నాకు చేతకాదు.

దోషాలు మాత్రం ఆరుకు ఆరూ అతికాయి. కట్ట నుంచి నీరు ఊరడం మొదటి దోషం. డబ్బా అడుగున నూనె, డ్రైవరు చెప్పినదే. చవుడు నేల రెండోది. ఉప్పు కసిరిన పిండి. చెరువు నడుమ మిట్ట లేవడం నాలుగోది. నడుమ బుడగ లేచి, పైన వేసినదంతా ఒక పక్కకు జారిన పిజ్జా. నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ ఐదోది. పళ్లెమంత పిండి మీద వేలెడు చీజు. నేల తక్కువ, నీళ్లు ఎక్కువ ఆరోది. చీజు ఎక్కువ వేయడమే ఘనతనుకునే ఈ కాలపు కొట్లన్నీ ఇందులో పడతాయి.

మూడోదాన్ని కావాలని చివరికి ఉంచాను. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదంటుంది శాసనం. సరిహద్దు చెరువుకు ఇద్దరు రాజులుంటారు, బాగు చేయించేవాడు ఒక్కడూ ఉండడు. బస్టాండు ఎదుట కొట్టు, రైల్వే స్టేషన్ గేటు కొట్టు, విమానాశ్రయంలో ఎక్కే గుమ్మం పక్క కొట్టు అన్నీ సరిహద్దు చెరువులే. అక్కడ తినేవాడు మళ్లీ రాడు, వండేవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ఏ ఊళ్లోనైనా, నేపుల్స్ కానీ బద్వేలు కానీ, బండి దిగిన చోటు నుంచి రెండు వీధులు లోపలికి నడవమనడమే సగం సిఫారసు. ఊరివాళ్లు రేపు కూడా రావాల్సిన కొట్టు లోపలే ఉంటుంది.

శంక: తూర్పు అంటే ఏది?

ఇక్కడ వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. తూర్పు అంటే నెల్లూరని ఒక పక్షం. వెలికొండలు దాటి ఆత్మకూరు మీదుగా పొమ్మని, పెద్ద కంపెనీల పిజ్జాలు అక్కడున్నాయని వాళ్ల భావం. 1996లో ఢిల్లీలో దిగిన కంపెనీ పిజ్జా జిల్లా కేంద్రాల దాకా వచ్చింది. ఏ ఊళ్లోనైనా ఒకే రుచి ఉండటం దాని గుణం. తెలియని ఊళ్లో పిల్లాడి ఏడుపు ఆపడానికి అది ఉత్తమ సాధనమని నేనూ ఒప్పుకుంటాను. అడిగినవాడు దొరికే చోటే కదా అడిగాడు.

రెండో పక్షం ప్రకారం తూర్పు అంటే నెల్లూరు రోడ్డు మొదట్లో కారం దోసె బండి. గుండ్రటి పిండి, మీద ఎర్ర కారం పూత, దాని మీద పప్పుల పొడి, నెయ్యి, అడుగు కరకర, నిమిషాల్లో చేతికి. లక్షణాలన్నీ సరిపోయాయి కాబట్టి ఇదీ పిజ్జాయేనని వీళ్ల వాదం. అడిగినదాన్ని వదిలి అడగనిదాన్ని పొగడటం అప్రస్తుత ప్రశంస అనే అలంకారం. రాయలసీమలో దాన్ని అలంకారంగా కాక ఆతిథ్యంగా వాడతారు. “పిజ్జా ఏంది లేబ్బా, ఈడ కారం దోసె తిని సూడు” అననివాణ్ణి నేను చూడలేదు. అయినా పెద్దవాళ్లకు ఇది చెల్లుతుంది గానీ, పిజ్జా అని ఏడ్చే ఆరేళ్ల పిల్లకు ఎర్ర కారం పెట్టడం క్రూరత్వం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980లలో జాంటే అనే కొట్టువాళ్లు రెండు పక్షాలకూ రాజీ చేశారు. పాలకూర, తందూరీ కోడి వేసి పిజ్జా కాల్చారు. అమెరికా పోయిన మనవాళ్లు ఒకరికొకరు కొట్లు చెప్పుకునేటప్పుడు మొదట చెప్పేది పిండి గురించీ కాదు, పొయ్యి గురించీ కాదు: “కారం బానే ఏస్తారు.” సీమ నాలుకకు సిఫారసంటే అదే.

శంక: తిన్నవాడి మాట ఎన్నాళ్లు చెల్లుతుంది?

వండే మాస్టరు మారేదాకా. చిన్న ఊళ్లలో మాస్టర్లు పది రూపాయలు ఎక్కువ వస్తే పక్క కొట్టుకు పోతారు, రుచి వాళ్లతో పోతుంది, బోర్డు మాత్రం ఉంటుంది. శాసనానికి తేదీ ఉన్నట్టు సిఫారసుకూ తేదీ ఉండాలి. కారం దోసె బండి విషయంలో ఈ వ్యాఖ్యాత సాక్ష్యం పోయిన మంగళవారం నాటిది. పొద్దున పదిన్నర దాటితే పిండి అయిపోతుంది. పిల్ల ఉంటే ముందే చెప్పండి, కారం లేకుండా ఒకటి పోసిస్తారు.