తెప్పలో దుంగ, మాలీషుకు బల్ల

నేను సముద్రం మీద తిరిగిన దుంగను. మాది మైపాడు దగ్గర ఒక పట్టపుపాలెం. నాలాంటి మరికొన్ని దుంగలతో కలిపి తాళ్లతో బిగిస్తే తెప్ప అయ్యేది. చీకటితో వెళ్లి, పొద్దెక్కాక చేపలతో ఒడ్డుకొచ్చి, కట్లు విప్పాక ఎవరి మానాన వాళ్లం ఎండకు ఆరేవాళ్లం. మాది తేలిక చెక్క, నీళ్లు తాగితే బరువెక్కుతుంది. తడి ఆరకముందే మళ్లీ అలల్లోకి దింపితే మొరాయిస్తుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ తర్వాత పాలేల్లోకి ఫైబరు పడవలు వరసకట్టాయి. ఇంజను పడవ ముందు దుంగల్ని ఎవరు చూస్తారు? మాలో చాలామంది పొయ్యిలోకి పోయారు. నన్నూ నా పక్కదాన్నీ మా ముసలాయన చిత్రిక పట్టించి, జోడించి, సరుగుడు కాళ్లు కొట్టించి వేపచెట్టు కింద వేశాడు. కూర్చోడానికనే వేశాడు పాపం.

ఆయన చెయ్యి మంచిదని పాలెంలో పేరు. అలివి వల లాగే రోజుల్లో తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిన వాళ్ల భుజాలు, నడుములు సాయంత్రానికి కట్టెల్లా బిగుసుకునేవి. నువ్వుల నూనె వెచ్చబెట్టి, కర్పూరం కలిపి, ఆయన రుద్దేవాడు. డబ్బు పుచ్చుకోడు, చేపలిస్తే కాదనడు. ఆ నూనె నాలోకి ఇంకి ఇంకి, ఇప్పుడు నాకు ఉప్పు వాసన కంటే కర్పూరం వాసనే ఎక్కువ.

తర్వాత పిలకాయల వంతు. చెడుగుడు ఎప్పుడూ ఉన్నదే, కానీ 2014లో ప్రో కబడ్డీ మొదలై తెలుగు టైటాన్స్ టీవీలో కనబడ్డాక రోజూ సాయంత్రం ఒడ్డున కూతే కూత. ఇంకోవైపు పాత వలనే నెట్టుగా కట్టి వాలీబాల్. ఇసకలో పడితే చర్మం గీరుకుపోదు, నిజమే. కానీ అడుగు దిగబడుతుంది, పిక్కల మీదా చీలమండల మీదా భారం పడుతుంది. కుంటుకుంటూ వచ్చి నా మీద వాలేవాళ్లు.

వాళ్ల వెనకాలే వచ్చింది ముసలాయన మనవరాలు. నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా నా పక్కన నిలబడి తాతతో తగాదా. నేను విన్న మాటల్లో సగం వాళ్లిద్దరివే.

పెద్ద తగాదా ఒక తొడ దగ్గర జరిగింది. రైడుకు వెళ్లిన అబ్బాయిని పట్టేటప్పుడు ఎవడి మోకాలో తొడలో దిగింది. గంటలో తొడ ఉబ్బింది. ముసలాయన నూనెగిన్నె తీశాడు. ఆ పిల్ల గిన్నె మీద చెయ్యి పెట్టింది.

“తాతా, ఇయ్యాళ ముట్టుకోబాక.”

“గడ్డకట్టిన రత్తం కదిలించబళ్లా?”

“లోపల ఇంకా కారతా ఉంటే కదిలిచ్చేదేంది? గట్టిగా రుద్దితే కొందరికి కండలోనే ఎముక మొలుస్తాది.”

ముసలాయన నమ్మలేదు. నేను నమ్మాను. నీళ్లు తాగిన దుంగను ఎంత నొక్కినా ఆరదు, దానికి సమయం ఇవ్వాలి. ఈ సంగతి ఆయనకూ తెలిసిందే, కాకపోతే దుంగ విషయంలో. మొదటి రెండు మూడు రోజులు మర్దనా వద్దు, వేడి కాపడమూ వద్దు, పరుగూ వద్దని ఆమె తేల్చేసింది. మాకు ఐసుకు కరువు లేదు, చేపల పెట్టెలోంచి ముక్క తీసి తువ్వాలులో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టారు. అది కూడా నొప్పికేనట. ఐసు, విశ్రాంతి అంటూ 1978లో సూత్రం చెప్పిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని 2014లో మాట మార్చుకున్నాడని చెప్పింది. అంత పెద్దాయన మార్చుకోగా లేనిది తానెందుకు మార్చుకోకూడదనుకున్నాడో ఏమో, ముసలాయన గిన్నె లోపల పెట్టేశాడు.

ఆ అబ్బాయి వాపు తగ్గాకే నా మీద పడుకున్నాడు. అప్పుడు చూడాలి ఆ చెయ్యి పనితనం! ముందు అరచేత్తో, పాదం వైపు నుంచి పైకి, బరువు లేకుండా. కండ వెచ్చబడ్డాక బొటనవేలు. దెబ్బ తగిలిన చోటికి ఆఖర్న. మనవరాలు “పదికి ఎంత నొప్పి?” అని అడుగుతుంది, ముసలాయన ఏమీ అడగకుండా వాడి కాలివేళ్లు ముడుచుకుంటున్నాయేమో చూస్తాడు. నా ఓటు ముసలాయనకే, మగపిల్లలు అంకెల్లో అబద్ధాలాడతారు.

రుద్దితే కండలో పేరుకున్న ఆమ్లం పోతుందని ఆయన నమ్మకం. అది మాలీషు లేకపోయినా గంటకో ఎంతకో దానంతటదే పోతుందని ఆ పిల్ల వాదన. 2012లో కెనడా మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 11 మంది యువకుల చేత అలిసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక కాలికే పది నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల కండలోంచీ చిన్న ముక్కలు తీసి చూశారట. ఆమ్లంలో తేడా లేదు. మర్దన చేసిన కాల్లో వాపు పుట్టించే సంకేతాలు మాత్రం తగ్గాయి. “చూశావా, తగ్గింది కదా!” అన్నాడు ముసలాయన. ఇద్దరూ గెలిచిన తగాదా అదొక్కటే.

నా మీద పడుకోనివ్వకుండా పంపేసిన వాళ్లూ ఉన్నారు. ఒకాయనకు దెబ్బేమీ తగలకుండానే ఒక పిక్క ఉబ్బి, వేడిగా ఉంది. సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, రుద్దినప్పుడు అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చని ఆమె ఆయన్ని ఆస్పత్రి ఆటో ఎక్కించింది. చీలమండ మెలిపడి నాలుగడుగులు కూడా వేయలేని వాళ్లకు ముందు ఎక్స్‌రే. ఎముక అనగానే పుత్తూరు నాటువైద్యుల కట్టు గుర్తురాని ఇల్లు ఈ వైపున తక్కువ, కానీ విరిగిందో లేదో తెలియకుండా బెణుకని రుద్దడం ఇప్పుడు ముసలాయన కూడా ఒప్పుకోడు.

మాలీషుతో తెగిన లిగమెంటు అతకదు, పోయిన బలం రాదు. నొప్పి తగ్గుతుంది, బిగుసుకున్న కండ వదులవుతుంది, ఆ వదులులో వ్యాయామం మొదలెట్టాలి. పిలకాయలకు మొదటిది ఇష్టం, రెండోది చేదు. నా మీద గంట పడుకోమంటే పడుకుంటారు, మడమలెత్తి ఇరవైసార్లు లేవమంటే ఎవరికో ఫోనొస్తుంది.

మొన్న ఆ తొడ దెబ్బవాడే వచ్చి పడుకోబోయాడు. “తాతా, రేపు మ్యాచుంది, కాస్త రుద్దితే ఆడేస్తా.”

ముసలాయన గిన్నె తియ్యలేదు. “ముందు ఆ కాలి మీదే ఒంటికాలితో ఎగురబ్బయా.”

వాడు రెండుసార్లు ఎగిరాడు. మూడోసారికి నన్ను పట్టుకున్నాడు.

“రేపు నువ్వు స్కోరు రాసుకో” అంది మనవరాలు.