‘దోవిలి’ బహువచనం: టీకా తాత్పర్య సహితం

మూలం: తుమ – తుమబో, నెతే – నెతేబే, రిటి – రిటిబే, పాకి – పాకిబో, గిమ – గిమబో. అయినచో దోవిలి, కినే అను పదములకు బహువచనములేవి? నియమమును వివరింపుము. (4 మార్కులు)

అవతారిక. ఇది ఏ దేశంలోనూ మాట్లాడే భాష కాదు. ప్రశ్నపత్రం కోసం పుట్టి, చివరి గంట కొట్టగానే గతిస్తుంది. దీనికి నిఘంటువు లేదు. తుమ అంటే చెట్టో చేటో చెప్పే దిక్కు లేదు. అయినా టీకకు అర్హమైన గ్రంథమే, ఎందుకంటే మహాకావ్యాలకు సైతం దుర్లభమైన సుగుణం దీనికుంది: ఇందులో వ్యర్థపదం లేదు, యతి కోసం ఇరికించిన తుమ్మెద లేదు. అనవసరమైనది చెప్పనని మల్లినాథ సూరి వ్యాఖ్యాతగా ప్రతిజ్ఞ చేశాడు. ఇక్కడ ఆ ప్రతిజ్ఞ మూలకర్తే చేసుకున్నాడు. ఐదు ఉదాహరణలు ఇచ్చాడంటే నాలుగు చాలవనే. ఈ విశ్వాసం లేనివాడికి లెక్క తెగదు. ఉన్నవాడికి, నా అభిప్రాయంలో, సగం తెగినట్టే.

ఇక టీక. బహువచన ప్రత్యయం బో, బే అని రెండు రూపాల్లో ఉంది. ఏది రావాలో మాటలోని అచ్చులు నిర్ణయిస్తాయి. తొందరపాటు పాఠకుడు చివరి అచ్చును పట్టుకుంటాడు. తుమకు చివర అ, కనుక బో. నెతేకి చివర ఏ, రిటికి చివర ఇ, కనుక బే. అంతా సుఖంగా సాగుతుండగా పాకి ఎదురవుతుంది: చివర ఇ ఉన్నా బో వచ్చింది. అతడు వెంటనే పాకిని అపవాదం అని పక్కన పెడతాడు. ఇది మహాదోషం. కర్త ఐదే మాటలిచ్చి అందులో ఒకటి అపవాదానికి ఖర్చు పెడతాడా? సరే, మొదటి అచ్చే నిర్ణయిస్తుందనుకుందాం: పా వల్ల బో, రి వల్ల బే. దీన్ని ఖండించడానికే గిమ ఉంది. మొదట ఇ ఉన్నా దానికి బో వచ్చింది. అలా కొసా మొదలూ రెండూ మూసుకుపోయాక ఒక పెద్ద సూత్రం మిగులుతుంది: చివరి నుంచి వెనక్కి నడవాలి, ఇకారాలను దాటేయాలి, ఎదురైన మొదటి అచ్చు అ, ఉ అయితే బో, ఏ అయితే బే, ఏదీ ఎదురవకపోతే బే. ఇది కల్పన మాత్రమే కాదు. ఫిన్నిష్ భాషలో ఇ, ఎ ఇలాగే తటస్థంగా ఉంటాయి. అవి తప్ప వేరే అచ్చు లేని మాటకు నాలుక ముందు భాగంలో పలికే అచ్చున్న ప్రత్యయమే చేరుతుంది.

ఆక్షేపణ: దోవిలిలో ఓకారం ఉంది, ఇచ్చిన ఐదు మాటల్లో అది ఎక్కడా లేదే! ఇది న్యాయమేనా? సమాధానం: ఉంది, కాని మాటల్లో కాదు, ప్రత్యయంలో. అ, ఉ ఉన్న మాటల వెంట వచ్చేది బో, ఏ ఉన్న మాట వెంట వచ్చేది బే. అంటే ప్రత్యయం తన పక్కనున్న అచ్చుల జాతికి తగ్గట్టు తన అచ్చును మార్చుకుంటోంది. కనుక ఓకారం అ, ఉ ల పక్షం. ఈ మూలంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. మూడుసార్లు కళ్ల ముందు నిలిచిన సాక్ష్యాన్ని, అది ప్రత్యయం కదా అని చదువరి వదిలేస్తాడని కర్తకు తెలుసు.

మరో ఆక్షేపణ: ఆ పెద్ద సూత్రం అవసరమా? మాటలో ఎక్కడైనా అ, ఉ, ఓ ఉంటే బో, లేకుంటే బే అంటే చాలదా? చాలును. ఇకారం ఊసెత్తే పని కూడా లేదు. అర్ధమాత్ర ఆదా అయితే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణులకు పేరు. ఇక్కడ ఒక వాక్యమే మిగిలింది. ఈ రెండు సూత్రాలకూ తగువు ఒక్కచోటే. తునే లాంటి మాట వస్తే పెద్ద సూత్రం బే అంటుంది, చిన్నది బో అంటుంది. కాని ఉ, ఏ కలిసిన మాట మూలంలో లేదు, అడిగిన ప్రశ్నలోనూ లేదు. ఆ లేకపోవడాన్ని సైతం వ్యాఖ్యానించాలి: ఈ భాషలో ఆ రెండు జాతులు ఒక మాటలో కాపురం చేయవు.

పూర్వపక్షం: కల్పిత భాష నియమం తెలిసి ఏం లాభం? సమాధానం: కర్త భాషను కల్పించాడు గాని నోటిని కల్పించలేదు. చదువు, చదివి, చదవడు అనేటప్పుడు మన నడిమి అచ్చు ఉ, ఇ, అ అని పక్క అచ్చును చూసి మారుతూనే ఉంది. ఇకారం మీద కు కాస్తా కి అవుతుందని బాలవ్యాకరణం సూత్రీకరించింది: పులికి, చెట్టుకు. అయితే చెట్టుకి అనేవాళ్లూ కోకొల్లలు. కల్పిత భాషలో అలాంటివాళ్లను ఏ ప్రశ్నకర్తా పరీక్షలోకి రానివ్వడు. 1965లో మాస్కోలో మొదలై, 2003లో బల్గేరియాలో అంతర్జాతీయమై, 2016లో మైసూరుకు వచ్చిన భాషాశాస్త్ర ఒలింపియాడ్‌లో ఎక్కువగా నిజమైన భాషలనే ఇవ్వడం అందుకే మెరుగని నా అభిప్రాయం. నిజమైన భాషకు ఇరుగుపొరుగు ఉంటుంది. టర్కిష్‌కు అరబ్బీ నుంచి మన కలం, కితాబుల బంధువులే వెళ్లాయి. కితాప్‌కు బహువచనం కితాప్లర్; కలెమ్‌కు కలెమ్లెర్. అకారం, ఎకారం ఒకే మాటలో కలిసిన కలెమ్ దగ్గర మన చిన్న సూత్రం తప్పుతుంది. చివరి అచ్చుదే పెత్తనం. దోవిలి భాషకు అప్పు తెచ్చుకునే పొరుగు లేదు కనుక చిన్న సూత్రం బతికిపోయింది.

‘4 మార్కులు’ అన్నదీ మూలభాగమే. దోవిలిబోకు ఒకటి, కినేబేకు ఒకటి, నియమానికి రెండు. పెద్ద సూత్రం రాసినా ఆ రెండూ ఇవ్వవలసిందే. తునే గురించి అడగని కర్తకు కోసే హక్కు లేదు.