ముద్ర లేని తలకు మూల్యం ఎంత?

ఛత్తీస్‌గఢ్‌లోని ఆవపల్లి నుంచి బీజాపూర్‌కు బండి మీద వెళ్లే మనిషికి తల ఒకటే. దాని మీద కూర్చునే చట్టాలు మాత్రం రెండు.

మొదటిది మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షన్. ఏదో ఒక చిప్ప బోర్లించుకుంటే చెల్లదు. సర్కారు చెప్పిన ప్రమాణాలకు తగిన హెల్మెటే పెట్టాలి. పట్టీ కూడా బిగించాలి. ఐఎస్ఐ ముద్ర ఉండి పట్టీ వేలాడినా తప్పే, పట్టీ బిగించి ముద్ర లేకపోయినా తప్పే. 194డి సెక్షన్ కింద 1000 రూపాయలు వదులుతాయి. పైగా మూడు నెలలు లైసెన్సు గోవిందా!

రెండోది 2016 నాటి బీఐఎస్ చట్టం. బీఐఎస్ అంటే ఐఎస్ఐ ముద్ర ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ. ఇది అమ్మేవాడి కోసం. 2021 జూన్ 1 నుంచి ముద్ర లేని హెల్మెట్ తయారు చేయకూడదు, అమ్మకూడదు, అమ్మకానికి పెట్టనూ కూడదు. తొలిసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా కనీసం 2 లక్షల జరిమానా. వింటుంటేనే ఒళ్లు జలదరించడం లేదూ? కొట్టువాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఎందుకుంటుంది? దేశంలో ద్విచక్ర వాహనాలు 21 కోట్లకు పైనే. 2024-25లో హెల్మెట్ల మీద బీఐఎస్ చేసిన దాడులు 30 పైచిలుకు. అంతే! ఢిల్లీలోనే, అదీ బీఐఎస్ లైసెన్సు రద్దయినవాళ్లు, గడువు తీరినవాళ్లు చేసిన హెల్మెట్లు 2,500కు పైగా దొరికాయి. సర్కారు ముక్కు కిందే ఈ భాగోతమైతే, రాయపూర్ బీఐఎస్ కార్యాలయానికి 400 కిలోమీటర్ల అవతల ఉన్న ఆవపల్లిని పట్టించుకునేదెవరు?

"బీఐఎస్ యాప్‌లో హెల్మెట్ లైసెన్సు నంబరు కొట్టి చూసుకోండి" అంటారు. భేష్! తనిఖీ కూడా కొనేవాడే చేసుకోవాలి. మరి జీతాలు ఎవరికి, ఎందుకు?

పెద్దల సంగతీ చూడండి. ఐఎస్ఐ ముద్ర లేని 2,265 ప్రెషర్ కుక్కర్లు అమెజాన్‌లో అమ్ముడయ్యాయి. సంస్థకు ముట్టిన రుసుం 6.14 లక్షలు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ వేసిన జరిమానా లక్ష. కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వమనీ చెప్పింది, నిజమే. కానీ జరిమానా లెక్క కట్టండి. కుక్కరుకు 44 రూపాయలు! దాని మీదా కంపెనీ కోర్టుకెక్కింది.

బండివాడి నెత్తికి వెయ్యి, బడా బేరగాడి కుక్కరుకు నలభై నాలుగు. కోర్టుకెక్కే స్తోమత ఎవరికుందో వేరే చెప్పాలా? ముద్ర లేని హెల్మెట్‌కు చలానా రాసే చెయ్యి, "ఇది ఏ కొట్లో కొన్నావయ్యా?" అని ఒక్కసారైనా రాసుకుందా?