నా గళ్లలో మల్లి

నేను గోడ క్యాలెండర్‌ని. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక కింది వాటాలో, వంటింటి కిటికీ పక్క మేకుకు వేలాడుతున్నాను. తిథి, వర్జ్యం, రాహుకాలం ఒంటినిండా అచ్చేసుకుని పుట్టినదాన్ని కనక, ఏ ఘడియ మంచిదో ఏది చెడ్డదో నాకే తెలుసన్న పొగరు కాస్త ఉండేది. ఈ ఇంటి అమ్మమ్మగారు మాత్రం నన్ను పాల నాగాలకీ, గ్యాస్ బండ వచ్చిన తేదీకీ వాడుకున్నారు. సంక్రాంతి దాటాక ఆ గీతల మధ్యకి మల్లి వచ్చింది.

మల్లి ఈ ఇంటి తెల్ల పిల్లి. వయసు 16 ఏళ్లు, అంటే మనుషుల లెక్కలో 80.

నా కంట పడిన మొదటి తేడా చెబుతాను. వంటగట్టు కింద నిలబడి పైకి చూసేది. వెనక కాళ్లు కుదించేది, తోక ఆడించేది. ఇంతా చేసి, ఎగిరే ఉద్దేశమే తనకి లేనట్టు చతికిలబడి ముందుకాలు నాక్కునేది. "ముసలితనంలో బుద్ధొచ్చింది, గట్టెక్కడం మానేసింది" అని అమ్మమ్మగారు మురిసిపోయారు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివే మనవరాలు వచ్చి చూసి, "బుద్ధి కాదు అమ్మమ్మా, కీళ్లు. పిల్లి మూలగదు. చేసే పనులు ఒక్కొక్కటే మానేస్తుంది, అంతే" అంది.

"గుర్రుమంటోంది కదే, హాయిగానే ఉందిగా?"

"నొప్పిలోనూ గుర్రుమంటుంది."

మొహం చూసి నొప్పి కనిపెట్టే పద్ధతి కూడా చెప్పింది. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రకటించారట. చెవులు పక్కలకి వాలాయా, కళ్లు సగం మూసిందా, మూతి బిగిసిందా, మీసాలు బిర్రుగా ఉన్నాయా, తల భుజాల కంటే దిగిందా అని చూసి, ఒక్కోదానికి 2 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10కి 4 వచ్చిందంటే నొప్పికి మందు కావాలని. ఆ మందు డాక్టరు రాసిందే అయ్యుండాలి. మనం జ్వరానికి మింగే పారాసెటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు.

ఎండాకాలంలో మల్లి గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ గిన్నె దగ్గరే కూర్చునేది. ఎండలకేమో అనుకున్నారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 4 దాటింది, కిడ్నీలు. అప్పట్నుంచి భుజాల మధ్య చర్మం కింద సెలైన్. బరువు చూడ్డానికి అమెరికా ప్రయాణంలో సూట్‌కేసులు తూచుకున్న కాటా బయటికి తీశారు. కూరగాయల సంచిలో మల్లిని కూర్చోబెట్టి కొక్కేనికి తగిలిస్తే, సంచిలోంచి తల ఒక్కటీ బయటపెట్టి అందర్నీ తప్పుపట్టినట్టు చూసేది. 4 కిలోలుండేది 3.3కి వచ్చింది.

అప్పుడు మనవరాలు, బతుకు ఇంకా హాయిగానే ఉందో లేదో చూసే ఇంకో లెక్క తెచ్చింది. అమెరికాలో పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో రూపొందించినది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా అన్నది. ఒక్కోదానికి 10. మొత్తం 35 దాటితే బండి నడుస్తున్నట్టే. అమ్మమ్మగారు రిటైరైన లెక్కల టీచరు. బడిలో ఎవరికీ అర మార్కు వదలని మనిషి, మల్లికి మాత్రం గ్రేస్ మార్కులు ధారపోశారు. నాలుగు మెతుకులు నాకితే ఆకలికి 8!

మనవరాలు పెన్సిల్ తెచ్చి నా దగ్గర పెట్టింది. మల్లికి ఇష్టమైనవి మూడు: పొద్దుటి ఎండలో కిటికీ, కొబ్బరి తురిమే చప్పుడుకి పరుగెత్తుకు రావడం, రాత్రి అమ్మమ్మగారి కాళ్ల దగ్గర ముడుచుకోవడం. రెండైనా చేస్తే నా గడిలో సున్నా, లేకపోతే ఇంటూ.

వానాకాలం దాకా సున్నాలే ఎక్కువ. తర్వాత మారింది. "మొన్ననేగా కొబ్బరికి వచ్చింది" అన్నారు అమ్మమ్మగారు దసరాల్లో. పేజీ తిప్పితే ఆ మొన్న వినాయక చవితికి ముందుంది. ప్రేమకి తారీఖులు గుర్తుండవు. నాకు అచ్చంగా అవే పని.

ఇంటూలే ఎక్కువయ్యాక, మల్లిని నొప్పి లేకుండా సాగనంపుదామన్న మాట వచ్చింది. అది విని పక్కవాటా ఆవిడ, "పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలమ్మా" అంది. "తినలేక, లేవలేక, తన ఒళ్లు తను నాక్కోలేక ఉంటే అలాగే ఉంచేస్తే, దానికేం దానమివ్వాలి?" అని అడిగారు అమ్మమ్మగారు. ఆవిడ జవాబు చెప్పలేదు. డాక్టరు ఇంటికే వచ్చి ముందు మత్తిచ్చి, మల్లి నిద్రపోయాక రెండో ఇంజెక్షన్ చేశాడు. ఆ రోజు వర్జ్యం ఎప్పుడో నా మీద అచ్చయ్యే ఉంది. అమ్మమ్మగారు చూడలేదు.

మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లుంటే, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే దానికి ఇష్టమైన మూడు పనులు రాసిపెట్టుకోండి. నెలకోసారి తూచండి. ఒక పూట తిండి మానేస్తే కనిపెట్టి ఉండండి, రోజంతా ముట్టకపోతే డాక్టరుకి చూపించండి. పెన్సిల్ మాత్రం క్యాలెండర్‌కే కట్టి ఉంచండి, లేకపోతే దొరకదు.